ఇంజన్ మారిన కారు అదే కారా?

పాత చిన్న కారుకు ఇంజన్ పూర్తిగా చెడిపోయినప్పుడు యజమాని ముందు మూడు దారులుంటాయి. ఉన్న ఇంజన్‌నే విప్పి బోరు చేయించుకోవచ్చు. వేరే ఇంజన్ తెచ్చి ఎక్కించుకోవచ్చు. లేదా బండిని తుక్కు కింద అమ్మేయవచ్చు. మొదటి దారిలో వస్తువు బాగుపడుతుంది, మూడోదానిలో అంతమవుతుంది. రెండో దారి అంత తేలికగా తెగదు. బండిని నడిపించేదే మారిపోయాక రోడ్డెక్కినది పాత కారేనా, కొత్త కారా? రథాన్నీ కుండనూ బట్టనూ ముందు పెట్టుకుని భారతీయ దార్శనికులు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటూ వచ్చిన ప్రశ్న ఇది. రథం మీద మక్కువతో వాళ్లు వాదించలేదు. రోజూ మారిపోయే శరీరం, మనసు ఉన్న మనిషి నిన్నటి మనిషేనా, నిన్న చేసినదానికి ఇవాళ జవాబుదారీ అవుతాడా అన్నది తేల్చుకోవడానికే రథాన్ని విప్పి చూశారు.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి మారుతి 800 బాగా సరిపోతుంది. 1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళంచెవిని ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్‌కు అందించారు. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. తయారీ ఆగినా బండ్లు ఆగలేదు. కాబట్టి పాత బండికి మరో బండి ఇంజన్ ఎక్కించడం ఈ కారు విషయంలో మామూలు సంగతి అయింది. దీని ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా చూసుకోకుండా నడిపితే వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది. ఆయిల్‌లో నీళ్లు కలిసి అది పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. ఆ స్థితిలోనూ తోలితే బేరింగులు కొట్టుకుపోయి ఇంజన్ సీజ్ అవుతుంది. దాన్ని బాగుచేసే ఖర్చు వేరే ఇంజన్ ధరను మించిపోయినప్పుడు మెకానిక్ చెప్పే మాట ఒకటే: ఇంజన్ దించేద్దాం.

ఇంజన్ దించడం దగ్గరుండి చూస్తే దార్శనికుల వాదం కళ్లముందు జరుగుతున్నట్టే ఉంటుంది. బ్యాటరీ తీసేస్తారు. ఆయిల్, కూలంట్ వంపేస్తారు. రేడియేటర్ గొట్టాలు, యాక్సిలరేటర్ కేబుల్, సైలెన్సర్ పైపు, వైరింగ్ ఒక్కొక్కటే విడదీస్తారు. చివరకు ఇంజన్‌ను బాడీతో కలిపి ఉంచేవి రబ్బరు మౌంటింగులు, వాటి బోల్టులు మాత్రమే. అవి కూడా విప్పి చైన్ పుల్లీకి తగిలించి లాగితే ఇంజన్ పైకి లేస్తుంది. బానెట్ కింద ఖాళీ గది మిగులుతుంది. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. అందువల్ల చాసిస్ నంబరు బాడీ రేకు మీదే కొట్టి ఉంటుంది. ఇంజన్ నంబరు ఇంజన్ దిమ్మ మీద ఉండి, దానితోపాటే పైకి పోతుంది. ఒక్క ఆర్‌సీలో పక్కపక్కన ఉండే రెండు నంబర్లు ఆ క్షణాన రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి.

కారు ఎటు వైపు ఉన్నట్టు? చాలామంది వెంటనే ఇచ్చే జవాబు, ఇంజనే కారుకు ప్రాణం, అది పోతే మిగిలేది డొక్కు రేకు అని. ఈ జవాబు వినడానికి బాగుంటుంది కానీ శాస్త్రం ముందు నిలవదు. కఠోపనిషత్తులోని ప్రసిద్ధమైన రథ కల్పనలో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు. ఆత్మ రథంలో కూర్చున్న రథికుడు. లాగే బలం గుర్రాలది. ఇంజన్ చేసే పని కూడా అదే. దాని శక్తిని ఇప్పటికీ గుర్రాల లెక్కలోనే చెబుతారు. అంటే ఉపనిషత్తు కొలత ప్రకారం ఇంజన్ స్థానం ఇంద్రియాల దగ్గర, ఆత్మ దగ్గర కాదు. గుర్రాలను మార్చినంత మాత్రాన రథికుడు మారడు. చిరిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు దేహి శరీరాన్ని మారుస్తాడన్న గీతాబోధ కూడా ఇక్కడికి సరిగ్గా అతకదు. గీతలో మారేది పైనున్నది, నిలిచేది లోపలున్నది. కారులో లోపలిది మారి పైది నిలిచింది. ఆత్మ గురించిన మాటలను యంత్రభాగానికి అంటగట్టడం వల్ల ఆత్మ గురించీ స్పష్టత రాదు, యంత్రం గురించీ రాదు.

ఆత్మ లేదన్న బౌద్ధులు ఈ ప్రశ్నను ఇంకా సూటిగా పట్టుకున్నారు. మిలిందపన్హ అనే పాలీ గ్రంథంలో యవన రాజు మిలిందుడు, భిక్షువు నాగసేనుడు చేసిన సంభాషణ ఉంది. మిలిందుడు చరిత్రలో మినాండర్‌గా ప్రసిద్ధుడు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలాడు. మీరు నడిచి వచ్చారా, రథం మీద వచ్చారా అని నాగసేనుడు అడుగుతాడు. రథం మీద అంటాడు రాజు. అయితే ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే రాజు దేనికీ అవునని అనలేకపోతాడు. అన్నీ కలిపితే రథమా అన్నా కాదు, వాటిని మించి వేరే రథం ఉందా అన్నా లేదు. భాగాలను ఆధారం చేసుకుని పెట్టుకున్న వ్యవహార నామమే రథం అని చివరికి రాజే ఒప్పుకుంటాడు. నాగసేనుడనే మనిషి కూడా అంతే అని భిక్షువు ముక్తాయిస్తాడు.

క్రీస్తుశకం ఏడో శతాబ్దపు చంద్రకీర్తి దీన్ని ఏడు విధాల పరీక్షగా పెంచాడు. రథం భాగాలకంటే వేరు కాదు; భాగాలే అది కాదు; భాగాలు దాని సొత్తు కాదు; భాగాల్లో అది లేదు; దానిలో భాగాలు లేవు; భాగాల కుప్ప అది కాదు; వాటి ఆకారమూ అది కాదు. చివరి రెండింటినీ కారు మీద పెట్టి చూడవచ్చు. విప్పిన సామానంతా షెడ్డులో కుప్పగా పోసి ఉన్నప్పుడు ఏ భాగమూ తక్కువ కాలేదు, అయినా కారు లేదు. ఇంజన్ దించేసిన బాడీకి ఆకారం చెక్కుచెదరలేదు, అయినా కదలదు. పరీక్ష ఇంజన్ దగ్గరా ఆగదు. ఇంజన్ అన్నదీ దిమ్మ, క్రాంక్, పిస్టన్లు, వాల్వులు కలిపి పెట్టుకున్న పేరే. కారు ఇంజన్‌లో ఉందనేవాడు ఇంజన్ ఎందులో ఉందో కూడా చెప్పాల్సి వస్తుంది.

న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కలో అవయవి, అంటే భాగాలన్నీ కలిసి ఏర్పడిన వస్తువు, భాగాలకంటే వేరైన నిజమైన ద్రవ్యం. సమవాయమనే విడదీయరాని సంబంధంతో అది భాగాల్లో ఉంటుంది. దీనికి న్యాయసూత్రాలు చూపే హేతువుల్లో ఒకటి చాలా మామూలు అనుభవం: ఒక భాగాన్ని పట్టుకుని లాగితే మొత్తం వస్తువు వెంట వస్తుంది. ఆగిపోయిన కారుకు ముందు కొక్కేనికి తాడు కట్టి లాగితే వెనక చక్రాలూ కదిలి వస్తాయి. ఇసుక కుప్ప అలా రాదు. వస్తువు ఒక్కటిగా ఉందన్న ప్రతీతికి ఈ బలం చిన్నది కాదు.

అయితే వస్తువుకు ఇంత గట్టిగా ఉనికి ఇచ్చిన దర్శనమే మార్పు దగ్గర చిక్కులో పడింది. బట్టలోంచి ఒక నూలుపోగు లాగేస్తే ఏమవుతుంది? పోగుల సంయోగం వల్లే ఆ బట్ట నిలుస్తుంది, దీన్ని అసమవాయి కారణం అంటారు. అది చెడితే పాత బట్ట నశించినట్టే. మిగిలిన పోగులతో కొత్తగా ఖండపటం పుట్టింది అంటారు. అదే బట్ట అని కనిపించడం పోలిక వల్ల కలిగిన భ్రమ. ఈ లెక్కన చూస్తే ఇంజన్ దించిన క్షణాన పాత కారు నశించింది, ఎక్కించిన క్షణాన మరో కారు పుట్టింది. ఇంకా ముందుకు పోతే వైపర్ బ్లేడు మార్చినా అంతే కావాలి. నిష్ఠగా తర్కిస్తే అక్కడికే చేరతారు. నైయాయికులు అంత దూరమూ వెనకాడకుండా వెళ్లారు, అది వాళ్ల నిజాయితీ.

బోరు చేయించడం సంగతి వేరు. కాలినప్పుడు వస్తువు గుణం ఎలా మారుతుందనే పాకజ ప్రక్రియ మీద న్యాయ, వైశేషిక దర్శనాల మధ్య నడిచిన తగాదా దానికి దగ్గరగా ఉంటుంది. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడుతుంది. నిప్పు తగలగానే కుండ పరమాణువులుగా విడిపోయి, రంగు మారిన పరమాణువులతో మళ్లీ కుండగా ఏర్పడుతుందని వైశేషికుల పీలుపాక వాదం. కుండ కుండగానే ఉండి రంగు మాత్రం మారుతుందని నైయాయికుల పిఠరపాక వాదం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో ఈ రెండు పక్షాలనూ విద్యార్థులకు వివరించాడు. సంస్కృతంలో తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా తర్కసంగ్రహంతోనే మొదలుపెడతారు. బోరు పనిలో సిలిండర్ల లోపలి గోడను కాస్త తొలిచి పెద్దది చేసి, ఆ కొలతకు తగ్గ పిస్టన్లు వేస్తారు. దిమ్మ అదే, దాని మీది నంబరూ అదే. మెకానిక్ దృష్టి ఇక్కడ నైయాయికుడిదే: ఇంజన్ నిలిచింది, గుణం మారింది.

వస్తువులకు తమదైన స్వభావం లేదనే బౌద్ధుల శూన్యవాదం మీద అందరూ వేసే ఆక్షేపణ ఒకటుంది. కారుకు తనదైన సత్త ఏదీ లేకపోతే అది మనిషిని ఎలా మోస్తుంది? ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో దీనికి జవాబిచ్చాడు. బండి, కుండ, బట్ట స్వభావశూన్యాలే. అయినా బండి కట్టెలనూ గడ్డినీ మోస్తుంది, కుండ తేనెనూ నీళ్లనూ పట్టి ఉంచుతుంది, బట్ట చలినుంచి కాపాడుతుంది. ఇతర వస్తువుల మీద ఆధారపడి పుట్టినందువల్లే అవి పనిచేస్తాయి. తనంత తానుగా, దేనితో సంబంధం లేకుండా ఉండే వస్తువుకు భాగం మార్చడం కుదరదు, బాగుచేయడమూ కుదరదు. ఇంజన్ మార్చి బండిని మళ్లీ నడపగలగడం వస్తువుల పరాధీనతకు రుజువు. ఈ చర్చలో నాగార్జునుడి మాట అన్నిటికంటే లోతుగా పోయిందని ఒప్పుకోక తప్పదు.

ఆయన పేరు మోస్తున్న నాగార్జునకొండ ఇదే ప్రశ్నను మరోవైపు నుంచి చూపిస్తుంది. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోబోతుండగా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, ఎంపిక చేసిన ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిర్మించింది. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. ఆ గుడిలో రాళ్లు పాతవి, చోటు కొత్తది, రాళ్ల మధ్య సంయోగం కొత్తది. ఖండపట న్యాయం ప్రకారం అది కొత్త గుడి. భక్తులకూ చరిత్రకారులకూ అది సంగమేశ్వరాలయమే.

కొత్తదన్న పక్షాన్నీ, అదేనన్న పక్షాన్నీ జైనులు కలుపుకున్నారు. ఉన్న ప్రతిదానిలో పుట్టడం, నశించడం, నిలవడం మూడూ ఒకేసారి జరుగుతాయన్నది తత్త్వార్థసూత్రం నిర్ణయం. సమంతభద్రుడు దీనికి బంగారు కుండను కరిగించి కిరీటం చేసిన ఉదాహరణ ఇచ్చాడు. కుండ కావాలనుకున్నవాడు ఏడుస్తాడు, కిరీటం కావాలనుకున్నవాడు సంతోషిస్తాడు, బంగారం కావాలనుకున్నవాడికి ఏ తేడా లేదు. గ్రీకుల దగ్గర ఇదే చర్చ థీసియస్ ఓడ పేరుతో నడిచింది. దాన్ని ప్లూటార్క్ రాసిపెట్టాడు. 17వ శతాబ్దంలో హాబ్స్ దానికి మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ దాచి వాటితో రెండో ఓడ కడితే ఏది అసలు ఓడ? పాత విడిభాగాల వ్యాపారం బాగా సాగే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ మెలిక పుస్తకాల్లోది కాదు. తుక్కుకు పోయిన ఒక కారు ఇంజన్ ఇంకో కారులో, దాని గేర్‌బాక్సు మరో కారులో, తలుపులు వేరే కారుకు పోతాయి. ఆ మొదటి కారు మూడు చోట్ల బతుకుతోందని ఎవరూ అనుకోరు. ఉనికి భాగాలతో పాటు ప్రయాణం చేయదని దీనివల్ల తెలుస్తుంది.

భాగాలతో పోని ఉనికి దేనితో పోతుంది? దీనికి ఆగమ సంప్రదాయం ఇచ్చే జవాబు కర్మరూపంలో ఉంది. పూరీ జగన్నాథుడి దారు విగ్రహాలను అధిక ఆషాఢం వచ్చే కొన్ని సంవత్సరాల్లో పూర్తిగా మారుస్తారు. 1996 తర్వాత 2015లో ఈ నవకళేబరోత్సవం జరిగింది. కళ్లకు గంతలు కట్టుకున్న సేవకులు పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మార్చాక పాత దారువును ఆలయ ప్రాంగణంలోనే సమాధి చేస్తారు. శరీరమంతా మారినా లోపలిది నిలిచింది కాబట్టి స్వామి ఆయనే. తెలుగునాట ఆలయ జీర్ణోద్ధరణలో మూలవిరాట్టు కళలను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచి, పని పూర్తయ్యాక సంప్రోక్షణతో తిరిగి ప్రవేశపెడతారు. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం ఇటువంటిదే. వస్తువు ఒకటి, దానిలోని సాన్నిధ్యం ఒకటి. వస్తువును బాగుచేసేంతసేపూ సాన్నిధ్యానికి వేరే ఆశ్రయం కల్పించాలి. ఇంజన్ మార్చడంలో అటువంటి బదిలీ ఏదీ లేదు. కొత్త కారుకు గుడి ముందు చేయించే వాహనపూజలోనూ, దసరాకు చేసే ఆయుధపూజలోనూ ప్రాణప్రతిష్ఠ ఉండదు. అందువల్ల ఇంజన్ మారితే పూజా ఫలం పోతుందేమోనన్న దిగులుకు శాస్త్రంలో ఆధారం కనిపించదు. నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొట్టి మళ్లీ బండి తీస్తే తప్పూ లేదు.

యంత్రాన్ని వదిలి మనిషి దగ్గరికి వస్తే ప్రశ్నకు బరువు పెరుగుతుంది. భారతదేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ చేతుల మీద జరిగింది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం ద్వారా చనిపోయినవారి అవయవాలు అవసరమైనవారికి అందుతున్నాయి. ఇంకొకరి గుండె పెట్టుకుని ఇంటికి వచ్చిన మనిషిని భార్యాపిల్లలు మరొకరనుకోరు. అప్పిచ్చినవాడు బాకీ వదులుకోడు. దాత కుటుంబం ఆ గుండెచప్పుడు వినాలని ఆశపడవచ్చు, అది వాళ్ల దుఃఖం తెచ్చిన ఆశ, గౌరవించాల్సిన ఆశ. అయినా దాత అప్పులూ ఆస్తులూ ఆ గుండె వెంట రావు.

నాగసేనుడు ఈ మెట్టు కూడా ఎక్కాడు. ఒకడు మామిడిపళ్లు దొంగిలించి పట్టుబడి, తోట యజమాని నాటిన కాయ వేరు, నేను కోసిన పండ్లు వేరు, కాబట్టి నేను దొంగను కానంటాడు. రాజు వాణ్ణి వదులుతాడా? వదలడు, మొదటి కాయ లేనిదే ఈ పండ్లు లేవు. అలాగే ఈ జన్మలోని నామరూపాలు వేరైనా, వాటి కర్మవల్లే రాబోయేవి పుడతాయి కాబట్టి పాపం నుంచి విడుదల ఉండదు. రాత్రంతా వెలిగిన దీపం విషయంలోనూ ఆయనది ఇదే మాట: తొలిజాము జ్వాలా తెల్లవారుజాము జ్వాలా ఒకటీ కాదు, వేరూ కాదు. వస్తువులో శాశ్వతమైన సారం లేదని గట్టిగా చెప్పిన దర్శనమే బాధ్యత తెగకూడదని అంతకంటే గట్టిగా చెప్పడం గమనించాల్సిన విషయం. ఒకటేననడానికి సారం అక్కర్లేదు, పరంపర తెగకుండా ఉంటే చాలు. ఆ పరంపరను గుర్తుపట్టేది అది మోసుకొచ్చే బాధ్యతల ద్వారానే.

చట్టం కూడా తెలిసో తెలియకో ఈ దారిలోనే నడిచింది. ఇంజన్ మారినంత మాత్రాన కారుకు కొత్త రిజిస్ట్రేషన్ నంబరు రాదు. పాత చలానాలు చెల్లవు అనడానికి లేదు, ఫైనాన్స్ బాకీ తీరదు, ప్రమాదం కేసు ఉంటే మూతపడదు. మార్పు మాత్రం పుస్తకానికి ఎక్కాలి: ఇంజన్ మార్చిన యజమాని పద్నాలుగు రోజుల్లోగా ఆ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. వస్తువు అదేనని ఒప్పుకుంటూనే మారిందని రాసిపెట్టమనడంలో ఒకటీ కాదు, వేరూ కాదు అన్న సూత్రం పూర్తిగా ఇమిడింది. మొదటి మారుతి చరిత్ర కూడా దీనికి సాక్ష్యమే. హర్‌పాల్ సింగ్ 2010లో మరణించాక ఆ కారు తుప్పుపట్టింది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచింది. దాన్ని మొదటి మారుతి కాదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ పని బహిరంగంగా జరిగింది, పరంపర ఎక్కడా దాచలేదు.

దాచినప్పుడే ఐక్యం అబద్ధమవుతుంది. ఇంజన్ మారిన సంగతి చెప్పకుండా కారు అమ్మేవాడు, మైలేజీ మీటరు అంకెను ఇంజన్ వయసుగా చూపేవాడు, ఎక్కడి నుంచి ఊడదీశారో తెలియని ఇంజన్‌ను నంబరు చెరిపి ఎక్కించేవాడు పరంపరను మధ్యలో తెంచి రెండు కొసలూ ముడివేసి చూపిస్తున్నారు. అది తర్కదోషంతో ఆగదు, కొన్నవాడికి అన్యాయం. ఇంజన్ మారిన కారు అదే కారు, మార్పును ఒప్పుకున్నంత వరకు. కాబట్టి పాత ఇంజన్ కొనేటప్పుడు అది ఏ బండిదో తెలిపే కాగితం, బిల్లు తప్పక తీసుకోవాలి. దిమ్మ మీది నంబరు ఆ కాగితంతో సరిచూసుకోవాలి. గడువులోగా ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించి, ఇన్సూరెన్స్ పాలసీలోనూ అదే నంబరు ఉండేలా చూసుకోవాలి. బండి అమ్మే రోజున ఆ కాగితాలన్నీ కొనేవారి చేతికి ఇవ్వాలి.